సొంత పాట కడుతుంటే మాట ఒక దారి, చెయ్యి ఒక దారి: ఎక్కడ సరిచేసుకోవాలి?

మైపాడు కుర్రోడు (నెల్లూరు)

అన్నలకీ అక్కలకీ నమస్తే. అకూస్టిక్ గిటార్, డ్రెడ్‌నాట్ (పెద్ద ఒళ్లు) సైజు, 0.012 సెట్ తీగలు (అన్నిటికన్నా సన్నతీగ మందం, అంగుళాల్లో). మొదలుపెట్టి ఏడాదిన్నర, రోజుకి గంట సాధన. సి, జి, డి, ఏ మైనర్, ఇ మైనర్ తడుముకోకుండా పడతాయి. సొంతంగా పాట కట్టాలని కూర్చుంటే మాత్రం నాలుగు చోట్ల ఆగిపోతున్నా.

ఎఫ్ బార్ కార్డ్ (చూపుడువేలు తీగలన్నిటి మీదా అడ్డంగా పెట్టి పట్టేది) పలకదు. ఆరు తీగల్లో రెండో మూడో టప్ మని చచ్చిపోతాయి. అక్టోబర్లో వానలు మొదలైనప్పట్నుంచి ఇంకా మొండికేసింది.

పల్లవి మొదటి పాదం ఇది: "మైపాడు తీరాన మబ్బు కమ్మింది". అందరూ వాయించే నాలుగు తాళపు దెబ్బల స్ట్రమ్మింగ్ (↓ చెయ్యి కిందికి, ↑ పైకి: ↓ ↓↑ ↑↓↑) మీద పాడితే "మైపాడూ తీరానా" అని సాగిపోతోంది. మాట లేకుండా ఊరికే రాగం తీస్తే బాగానే ఉంటది, మాట పెట్టగానే ఎబ్బెట్టు.

ట్యూన్ హిందోళం రాగం వైపు పోతోంది. 'ఏ' స్వరాన్ని షడ్జమంగా పెట్టుకున్నా. ఏ మైనర్ పట్టుకుంటే ఎక్కడో గొంతుకి అడ్డం పడుతోంది, ఎందుకో అంతుపట్టలా.

ఇక చరణం. ఎన్నిసార్లు రాసినా అది కూడా పల్లవే అయి కూర్చుంటోంది.

తిట్టినా పర్లేదు, ఎట్టా చెయ్యాలో విడమరిచి చెప్పండి.


చెక్కా తీగా (ఒంగోలు)

పాట సంగతి వేరేవాళ్లు చెప్తారు. ముందు గిటార్ సంగతి తేల్చుకో తమ్ముడూ. "అక్టోబర్ నుంచి మొండికేసింది" అన్నావు చూడు, సగం జవాబు అక్కడే ఉంది. మన తీరానికి అసలు వానాకాలం అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. గాల్లో తేమ పెరిగితే గిటార్ పై చెక్క దాన్ని పీల్చుకుని బ్రిడ్జి (తీగల కింది కొసలు బిగించే ముక్క) దగ్గర ఉబ్బుతుంది. బ్రిడ్జి లేస్తే తీగలూ లేస్తాయి. నీ వేళ్లలో బలం తగ్గలేదు, తీగ ఎత్తు పెరిగింది.

కొలిచి చూడు. సున్నా సరిగ్గా అంచు నుంచే మొదలయ్యే స్టీలు స్కేలు కావాలి. సున్నాకి ముందు కొంచెం ఖాళీ వదిలిన స్కేళ్లు ఇక్కడ మోసం చేస్తాయి. గిటార్‌ని శ్రుతి చేసి, వాయించేటప్పుడు ఎట్టా పట్టుకుంటావో అట్టాగే పట్టుకుని, 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) కడ్డీ మీద స్కేలు నిలబెట్టు. కడ్డీ నుంచి తీగ అడుగు దాకా ఆరో తీగ (లావుది) దగ్గర 2.5 మి.మీ., ఒకటో తీగ (సన్నది) దగ్గర 1.8 నుంచి 2 మి.మీ. ఉంటే చేతికి సుఖం. ఆరో తీగ 3 దాటిందంటే బార్ కార్డ్‌తో కుస్తీయే.

తర్వాత మెడ. కాపో (తీగలన్నీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) ఒకటో ఫ్రెట్‌కి పెట్టి, ఆరో తీగని 14వ ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, మధ్యలో ఏడో ఫ్రెట్ మీద సందు చూడు. 0.2 నుంచి 0.3 మి.మీ., అంటే విజిటింగ్ కార్డు దూరీ దూరనంత ఉండాలి. అంతకంటే ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని (మెడ లోపలి లోహపు కడ్డీ) గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు మాత్రమే బిగించి, మళ్లీ శ్రుతి చేసి, మర్నాడు కొలువు. బిగుసుకుపోయినట్టు అనిపిస్తే బలవంతం చెయ్యకు, రాడ్ మరలు పోతే ఆ ఖర్చుకి ఇంకో గిటార్ వస్తుంది. ఇంకో మాట: ట్రస్ రాడ్ ఉన్నది మెడ వంపు సరిచెయ్యడానికి. తీగ ఎత్తు తగ్గించడానికి దాన్ని తిప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ జాబితాలో చేరకు.

మూడోది నట్, మెడ తల దగ్గర తీగలు ఆనే గాళ్ల పట్టీ. ఎఫ్‌కి అసలు దొంగ చాలాసార్లు ఇదే. ఒక్కో తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, ఒకటో ఫ్రెట్ మీద ఎంత సందు మిగిలిందో చూడు. పల్చటి కాగితం పట్టేంత ఉంటే చాలు. చవక గిటార్లు ఇక్కడే ఎత్తుగా వస్తాయి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇంకోటుంది: కాపో ఒకటో ఫ్రెట్‌కి పెట్టి, అదే ఎఫ్ ఆకారాన్ని ఒక గడి జరిపి రెండో ఫ్రెట్ దగ్గర పట్టు. హాయిగా పలికిందా, తప్పు నీ వేలిది కాదు, నట్‌ది. కాపో పెడితే నట్ ఎత్తు లెక్కలోంచి పోతుంది కాబట్టి.

నట్ గాళ్లు లోతు చెయ్యడానికి తీగ మందానికి సరిపోయే సన్నటి ఆకురాళ్లు కావాలి. వెంట్రుకవాసి ఎక్కువ అరిగినా ఓపెన్ తీగ (వేలు నొక్కకుండా మీటేది) గరగరమంటుంది, నట్ మార్చాల్సిందే. ఇది చేతనైనవాళ్లకే ఇవ్వు. నెల్లూరు నుంచి చెన్నై మూడు గంటల రైలు, ఒక పూట పని.

శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) అయితే ఇంట్లో చేసుకోవచ్చు. 12వ ఫ్రెట్ దగ్గర అర మి.మీ. తగ్గాలంటే శాడిల్ అడుగున 1 మి.మీ. తియ్యాలి, రెట్టింపు లెక్క. అడుగున పెన్సిల్ గీత గీసి, అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి, నిటారుగా పట్టుకుని రుద్దాలి. పక్కకి వాలిందంటే అడుగు గుండ్రమై శబ్దం చచ్చిపోతుంది. కానీ ఇప్పుడు, ఈ వానల్లో మాత్రం ముట్టుకోకు. ఉబ్బి ఉన్న చెక్కకి సరిపడా శాడిల్ అరగదీస్తే, మే నెల ఎండలకి చెక్క ఎండి కిందికి దిగినాక తీగలన్నీ ఫ్రెట్లకి కొట్టుకుంటాయి. సంక్రాంతి దాటనిచ్చి, అప్పుడు కొలిచి చెయ్యి. లేదంటే రెండు శాడిళ్లు పెట్టుకో, వానలకొకటి, ఎండలకొకటి. మరలు విప్పే పని కూడా కాదు, తీగలు వదులు చేస్తే ఊడొస్తుంది.

కేసులో చిన్న తేమ మీటర్ పడేస్తే ఊహలు మానుకోవచ్చు. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చెక్కకి మేలు. పైకిపోతే రంగు మారే రకం సిలికా జెల్ పొట్లాలు, కిందికిపోతే చిల్లులు పెట్టిన సబ్బు పెట్టెలో తడిపి గట్టిగా పిండిన స్పాంజి. గదిలో గోడకి తగిలించి వదిలేస్తే ఇవేవీ పనిచెయ్యవు, కేసు మూసి ఉంచాలి. ఎండాకాలం మూసిన కారులో మాత్రం పొరపాటున కూడా వదలకు, లోపలి వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జి లేచిపోతుంది.

ఈలోపు ఒక సులువు: 0.012 తీసి 0.011 సెట్ వెయ్యి. లాగుడు తగ్గుతుంది. మెడ వంపు కూడా కొంచెం తగ్గుతుంది కాబట్టి పైన చెప్పిన సందు మళ్లీ చూసుకో. బీచికి తీసుకెళ్తే తిరిగొచ్చాక పొడిగుడ్డతో తీగల పైనే కాదు, అడుగునా తుడువు. ఉప్పు అడుగునే కూర్చుంటుంది. తుప్పు పట్టకుండా కొబ్బరినూనె రాస్తారు కొందరు. చుట్టు తీగల సందుల్లో జిడ్డూ దుమ్మూ చేరి వారంలో మూగబోతాయి.


కావలి కాపో

నట్ సరిచేసినా వేలు పెట్టే తీరు తెలియకపోతే ఎఫ్ రాదు, అది కూడా రాస్తున్నా.

ఎఫ్ ఆకారం (ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా 1-3-3-2-1-1, అంకె అంటే నొక్కాల్సిన ఫ్రెట్) ఒకసారి పరీక్షగా చూడు. చూపుడువేలు నిజంగా నొక్కాల్సింది ఆరో తీగ, రెండో తీగ, ఒకటో తీగ. మధ్యలో మూడు తీగల్నీ మిగతా వేళ్లు ముందు గడుల్లో పట్టుకునే ఉన్నాయి. ఆరింటినీ సమానంగా తొక్కెయ్యాలని మణికట్టు నొప్పి పుట్టేలా పిసికేది దండగ. వేలి కొసతో ఆరో తీగ, మొదలుతో ఆ చివరి రెండు తీగలు, అంతే.

వేలి మెత్తటి వైపు కాకుండా బొటనవేలి వైపున్న ఎముక అంచు మీదకి కొంచెం దొర్లించు. వేలి గీతల దగ్గర గుంటలుంటాయి, తీగ సరిగ్గా ఆ గుంటలో పడితే ఎంత నొక్కినా పలకదు. అప్పుడు ఇంకా నొక్కకు, వేలిని రెండు మి.మీ. పైకో కిందికో జరుపు. ఫ్రెట్ కడ్డీకి ఆనుకుని, దాని వెనకే ఉండాలి. మోచెయ్యి ఒంటికి దగ్గరగా తెచ్చి, చెయ్యి బరువుతో వెనక్కి లాగినట్టు పట్టుకో. బొటనవేలు మెడ వెనక మధ్యలో ఆసరాకి, పిసకడానికి కాదు.

మొదటి ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టొద్దు. ఐదో ఫ్రెట్ దగ్గర అదే ఆకారం పట్టు, అక్కడ ఏ మేజర్ అవుతుంది. గడులు ఇరుకు, నట్ దూరం. ఒక్కో తీగ విడిగా మీటి ఆరూ పలికితే మర్నాడు నాలుగో ఫ్రెట్. అట్టా దిగుతూ రా. రోజుకి ఐదు నిమిషాలు చాలు, నొప్పెడితే ఆపెయ్యి.


లఘువు గురువు (నెల్లూరు)

తమ్ముడూ, నీ రెండో ప్రశ్నకి జవాబు గిటార్‌లో లేదు, నీ పాదంలోనే ఉంది. తిక్కన ఊరివాళ్లం, మాత్రలు లెక్కపెట్టుకోడానికి మొహమాటం ఎందుకు?

హ్రస్వాక్షరానికి ఒక మాత్ర. దీర్ఘానికి రెండు, సున్నా ఉన్నదానికి రెండు, వెనక ఒత్తక్షరం వచ్చినదానికి రెండు. ఇప్పుడు నీ మాట చూడు.

మై (2) పా (2) డు (1) = 5
తీ (2) రా (2) న (1) = 5
మబ్ (2) బు (1) = 3
కమ్ (2) మిం (2) ది (1) = 5

మొదటి సగం అచ్చమైన ఖండగతి, ఐదైదు మాత్రలు. నువ్వేమో దాన్ని నాలుగు దెబ్బల మీద ఎక్కించావు. రెండేసి మాత్రలకి ఒక దెబ్బ పడుతున్నప్పుడు మై మీద ఒకటి, పా మీద ఒకటి, మూడోది డు మీద పడింది. డు ఒక మాత్రే కదా, నాలుగో దెబ్బ వచ్చేదాకా ఇంకో మాత్ర మిగిలిపోయింది. ఆ ఖాళీ పూడ్చడానికి గొంతు తనంతట తానే "డూ" అని సాగదీసింది. తర్వాత "న" కూడా అదే ఖర్మ. "మైపాడూ తీరానా" అలా పుట్టింది.

పదం చివర అచ్చు సాగినా జనం క్షమిస్తారు, తెలుగు మాటలు చాలావరకు అచ్చుతోనే ఆగుతాయి కాబట్టి ఆ వెసులుబాటు మనకుంది. పదం మధ్యలో సాగితే మాత్రం అర్థమే మారిపోతుంది. "వాన పడితే" అని రాసి "వాన పాడితే" అని పాడావనుకో, విన్నవాడు కవిత్వం అనుకుంటాడు, రాసింది నువ్వు కాదు. కల కాల అవుతుంది, పలు పాలవుతాయి.

దారులు రెండు. మాట ఉంచుకుని నడక మార్చడం, లేదా నడక ఉంచుకుని మాట మార్చడం.

నడక మారిస్తే: ఖండ చాపు, తక-తకిట, 2+3. కుడిచెయ్యి ఐదు మాత్రల్లో ఒకటి, మూడు, ఐదు దగ్గర మాత్రమే కదలాలి.

మాత్ర 1: ↓
మాత్ర 2: ఖాళీ
మాత్ర 3: ↓
మాత్ర 4: ఖాళీ
మాత్ర 5: ↑

మై మీద ↓, పా మీద ↓, డు మీద ↑. తీ ↓, రా ↓, న ↑. గురువులు రెండూ బరువైన దెబ్బ మీద, లఘువు తేలిక దెబ్బ మీద. మాటకి ఊపిరాడుతుంది. కానీ నీ రెండో సగం 3+5 కాబట్టి దీంట్లో ఇరుక్కుంటుంది. "కమ్" మొదటి రెండు మాత్రలతో ఐదు నిండిపోయి, "మిం" తర్వాతి ఆవర్తం (తాళం చుట్టు) మొదట్లో పడుతుంది. మాట మధ్యలో తాళం తెగినట్టు ఉంటుంది. అందుకని దాన్ని ఇలా మార్చు:

మైపాడు | తీరాన | మబ్బేసి | నాదో

మబ్ (2) బే (2) సి (1) ఐదు. నా (2) దో (2) నాలుగు, మిగిలిన ఒక మాత్ర ఊపిరి తీసుకోడానికి. మొత్తం ఇరవై. మన పక్క మబ్బు "కమ్మింది" కన్నా "మబ్బేసింది" అనే ఎక్కువ అంటాం, కాబట్టి మాట కూడా ఇంటికొచ్చింది.

నడక ఉంచుకుంటే, నాలుగేసి మాత్రలకి కట్టాలి:

మైపా | డొడ్డున | మబ్బులు | కమ్మే

మై పా నాలుగు. డొడ్ (2) డు న నాలుగు. మబ్ (2) బు లు నాలుగు. కమ్ మే నాలుగు. నువ్వు వాయించే స్ట్రమ్మింగ్ మీద ఒక్క అక్షరం సాగకుండా కూర్చుంటుంది. బాగుంది కానీ, ఈ నడకలో పాటలు కోకొల్లలు. నేనైతే ఐదు మాత్రల్నే పట్టుకుంటా, సముద్రం ఒడ్డున అల వచ్చి కొంచెం ఆగి పోయే తీరు అందులో ఉంది.

గిటార్ ముట్టుకోకముందు రెండు రోజులు తొడ మీద తాళం వేస్తూ మాట చదువు. పాడొద్దు, చదువు. మెట్రోనోమ్‌ని (తాళానికి క్లిక్ కొట్టే యంత్రం) ఐదు దెబ్బలకి పెట్టి, ఒక్కో క్లిక్ ఒక మాత్రగా నిమిషానికి 120 దగ్గర మొదలుపెట్టు. తడబడకుండా ఇరవైసార్లు వచ్చాక తీగలు ఎడమచేత్తో మూసిపెట్టి కుడిచేత్తో ఒట్టి చప్పుడు మీద అదే మాట. ఆ తర్వాతే కార్డులు. ఈ వరస తిరగేస్తే మాటా చెయ్యీ కార్డూ మూడూ ఒకేసారి తప్పుతాయి, ఏది తప్పిందో కూడా తెలియదు.


స్వరం చూసి పట్టు (సింగరాయకొండ)

హిందోళం ముక్క నేను అందుకుంటా.

'ఏ' షడ్జమం అయితే హిందోళం స్వరాలు: ఏ (స), సి (సాధారణ గాంధారం), డి (శుద్ధ మధ్యమం), ఎఫ్ (శుద్ధ ధైవతం), జి (కైశికి నిషాదం). రిషభం లేదు, పంచమం లేదు. ఏ మైనర్ కార్డ్‌లో ఏముంది? ఏ, సి, ఇ. ఆ 'ఇ' పంచమం. రాగం వద్దన్నదాన్ని ప్రతి దెబ్బకీ మోగిస్తున్నావు. నీ ధైవతం దానికి అర స్వరం దూరంలో ఉంది కాబట్టి గొంతుకి అడ్డం పడినట్టు అనిపించేది అక్కడే.

ఈ ఐదు స్వరాల్లో మూడు స్వరాల మామూలు కార్డులు రెండే కుదురుతాయి: ఎఫ్ మేజర్ (ఎఫ్, ఏ, సి), డి మైనర్ (డి, ఎఫ్, ఏ). నాలుగు స్వరాలకి వెళ్తే డి మైనర్ సెవెన్ (డి, ఎఫ్, ఏ, సి), జి సెవెన్ సస్ ఫోర్ (జి, సి, డి, ఎఫ్). పట్టుకునే తీరు, ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా, 0 అంటే నొక్కకుండా మీటాలి, × అంటే ఆ తీగ మోగకూడదు:

ఎఫ్, కింద ఏ బేస్: ×-0-3-2-1-1
డి మైనర్ సెవెన్: ×-×-0-2-1-1
జి సెవెన్ సస్ ఫోర్: 3-×-0-0-1-1

మూడింట్లోనూ చూపుడువేలు కదలదు, ఒకటో ఫ్రెట్ దగ్గర చివరి రెండు తీగల మీద పడుకునే ఉంటుంది. మొదటి దాన్నుంచి రెండోదానికి ఉంగరంవేలు ఎత్తితే చాలు. మూడోదానికి మధ్యవేలు ఎత్తి, ఉంగరంవేలిని ఆరో తీగ మూడో ఫ్రెట్‌కి తీసుకెళ్లి, దాని కడుపుతో ఐదో తీగని తాకించి మూసెయ్యి. షడ్జమం మీద నిలిచేచోట ఎఫ్ విత్ ఏ బేస్. అంటే నీ ఈ పాటకి ఆరు తీగల బార్ అసలు అక్కర్లేదు. పైన ఇద్దరు అంత కష్టపడి చెప్పింది వృథా పోదులే, వేరే పాటకి పనికొస్తుంది.

జాగ్రత్త ఒకటుంది. మన గిటార్‌లో ఓపెన్ ఆరో తీగా ఒకటో తీగా రెండూ ఇ, రెండో తీగ బి. అంటే పంచమం, రిషభం. కార్డు మార్చేటప్పుడు వేళ్లు గాల్లో ఉండగా ఓపెన్ తీగల మీద ఒక దెబ్బ కొట్టి గడిపేసే అలవాటు అందరికీ ఉంటుంది. సి, జి పాటల్లో అది చెల్లుతుంది. ఇక్కడ కొడితే రాగంలో లేని రెండు స్వరాలూ ఒకేసారి బయటపడతాయి. కార్డు మారే ముందు ఐదో మాత్ర ↑ వదిలెయ్యి, లేకపోతే అరచేతి అంచు బ్రిడ్జి దగ్గర ఆనించి మూసి కొట్టు.

శ్రుతి నీ గొంతుకి సరిపోకపోతే ఆకారాలు మార్చకు, కాపో జరుపు. ఒకటి శ్రుతికి (సి) మూడో ఫ్రెట్, ఒకటిన్నరకి (సి షార్ప్) నాలుగో ఫ్రెట్.

మోహనంలో పాట కట్టినా ఇదే చూపు. సి షడ్జమం అయితే సి, ఏ మైనర్ రెండే పూర్తిగా ఇముడుతాయి. జి కార్డ్‌లో నిషాదం (బి) దూరుతుంది. ఆ బి తీసేసిన జి వాడుకో: 3-×-0-0-3-3.


మైపాడు కుర్రోడు

అక్కా, అన్నా, దండాలు. కొలిచాను. ఆరో తీగ 3.2, ఒకటో తీగ 2.4. ఏడో ఫ్రెట్ మీద సందు విజిటింగ్ కార్డు సరిగ్గా పట్టింది. కాపో పరీక్షలో ఎఫ్ ఆకారం వెంటనే పలికింది. అంటే నట్ కూడా ఎత్తేనా?

"మైపాడు తీరాన మబ్బేసినాదో" 120 దగ్గర కుదిరింది. 180కి పోతే చెయ్యి తొట్రుపడుతోంది. ఖాళీ మాత్రల్లో కూడా దెబ్బలు నింపి ↓↑↓↓↑ వాయిస్తున్నా, అందుకేనా?

చరణం గురించి కూడా ఎవరన్నా చెప్పండి.


చెక్కా తీగా (ఒంగోలు)

అవును, నట్ ఎత్తే. ట్రస్ రాడ్ జోలికి పోకు, మెడ బాగుంది. నట్ ఇప్పుడే చేయించు, అది చెక్క ఉబ్బుతో పెద్దగా మారేది కాదు. శాడిల్ జనవరి తర్వాత. 3.2 నుంచి 2.6కి రావాలనుకుంటే అడుగున 1.2 తియ్యాలి, కానీ వానలు పోయాక ఆ 3.2 దానంతటదే ఎంతకి దిగుతుందో చూసి లెక్కకట్టు.


తకిట (కావలి)

↓↑↓↓↑ లో మూడు, నాలుగు మాత్రలు రెండూ కిందికే. మధ్యలో చెయ్యి చప్పుడు లేకుండా పైకి రావాలి, అది కూడా ఒక్క మాత్ర వ్యవధిలోనే. 150 దాకా ఎవరికైనా కుదురుతుంది, ఆపైన బిగుసుకుంటుంది. కొందరు ↓↑↓↑↓ ↑↓↑↓↑ అని పది మాత్రల జంటగా, లోలకంలా చెయ్యి ఆపకుండా వాయిస్తారు. వేగానికి మంచిదే, కాకపోతే రెండో ఐదులో బరువు దెబ్బలు రెండూ పైకి పడతాయి. పైకి కొట్టే దెబ్బ సన్నతీగల మీదే ముందు పడుతుంది కాబట్టి "తీరాన" పలచబడుతుంది. మాటలున్న పాటకి నేను దీన్ని ఒప్పుకోను, మధ్యలో వాద్యం ఒక్కటే మోగే చోట వాడుకోవచ్చు.

లఘువు గురువు అక్క ఇచ్చిన ↓ · ↓ · ↑ తోనే 200 దాకా వెళ్లు. నింపడం అవసరమైన చోటే నింపు. పిక్ (తీగలు మీటే పలక) మందం 0.7 మి.మీ. దగ్గర ఉంటే తీగల మధ్య ఇరుక్కోదు. పిక్ కొస వేళ్ల బయటికి అర సెంటీమీటర్ కంటే ఎక్కువ కనపడకూడదు. వేగం పెంచేటప్పుడు ఐదు ఐదు పెంచు. ఒక వేగంలో మూడుసార్లు వరసగా తప్పు లేకుండా వస్తేనే పైకి. తప్పితే అక్కడే గింజుకోకుండా పది తగ్గించి మళ్లీ రా, లేకపోతే చెయ్యి తప్పునే నేర్చుకుంటుంది.


లఘువు గురువు (నెల్లూరు)

చరణం సంగతి. నీ పల్లవిలో ప్రతి ఐదూ గురువు-గురువు-లఘువు (2+2+1). చరణంలో కూడా అదే అల్లిక రాస్తే ట్యూన్ ఎంత మార్చినా చెవికి పల్లవే వినపడుతుంది. తాళం మార్చక్కర్లేదు, ఐదు మాత్రల లోపలి అమరిక మార్చు. ఉదాహరణకి:

· · వాన | పడితేను | వలలన్ని | తడిసేను

వాన మూడు మాత్రలు. కాబట్టి మొదటి రెండు మాత్రలు గొంతు ఆగి, గిటార్ ఒక్కటే ↓ కొడుతుంది. మాట మూడో మాత్ర మీద అందుకుంటుంది. సంగీతం పంతుళ్లు దీన్నే అనాగత గ్రహం అంటారు. పల్లవి తాళంతో పాటు మొదలైంది, చరణం తాళం తర్వాత మొదలైంది, ఇక్కడే తేడా తెలిసిపోతుంది.

ఆపైన ప (1) డి (1) తే (2) ను (1). వ (1) ల (1) లన్ (2) ని (1). త (1) డి (1) సే (2) ను (1). మొదట రెండు లఘువులు గబగబా వచ్చి మూడో మాత్ర మీద గురువు నిలుస్తుంది. ఇదిగో, నువ్వు నింపుతానన్న రెండో మాత్ర ↑ ఇక్కడ కావాలి: ↓ ↑ ↓ · ↑. డి మీద, మొదటి ల మీద, మళ్లీ డి మీద. పల్లవిలో ↓ · ↓ · ↑, చరణంలో ↓ ↑ ↓ · ↑. ఒక్క దెబ్బ తేడా, నడక మాత్రం చినుకులు పడ్డట్టు మారుతుంది. వాన, వలలు రెండూ వకారమే, పడితేను, తడిసేను అంత్యప్రాస, కాబట్టి పాదం చెవికి దానంతటదే కట్టుబడుతుంది.

"వాన పడితే" ఒక్కటే విడిగా లెక్కపెడితే 3+4, ఏడు. గురజాడ ముత్యాలసరం నడక అది. ఆ మాట నీకు మరీ ముద్దొస్తే ఇంకో పాటకి దాచుకో. ఒకే పాటలో ఐదునీ ఏడునీ కలిపితే పాడేవాడికీ తెలియదు, వాయించేవాడికీ తెలియదు.


స్వరం చూసి పట్టు (సింగరాయకొండ)

దానికి స్వరం వైపు నుంచి ఒక్కటి కలుపుతా. పల్లవి మంద్రం ధైవత, నిషాదాల నుంచి మధ్యమం దాకా తిరిగితే, చరణం మధ్యమం దగ్గర ఎత్తుకుని పై షడ్జమం, పై గాంధారం తాకి దిగాలి. కార్డు కూడా ఎఫ్‌తో కాకుండా డి మైనర్ సెవెన్‌తో మొదలుపెట్టు, పదిహేను మాత్రలు అక్కడే ఉండు. "తడిసేను" దగ్గర జి సెవెన్ సస్ ఫోర్, తిరిగి పల్లవి "మై" మీద ఎఫ్ విత్ ఏ బేస్. ధైవతం ఊపు గిటార్‌లో కావాలంటే తీగని పక్కకి లాగి బెండ్ చెయ్యబోకు, ఆరో ఫ్రెట్ నుంచి ఎనిమిదికి జారుడే సుఖం: రెండో తీగ మీద ఆరో ఫ్రెట్ 'ఎఫ్', ఎనిమిదో ఫ్రెట్ 'జి'. కాపో పెట్టి ఉంటే ఆ గడులు కాపో నుంచి లెక్క.


మైపాడు కుర్రోడు

↓ ↑ ↓ · ↑ మీద "పడితేను" సరిగ్గా దిగింది అక్కా. ఫోన్లో రికార్డు చేస్తే మాత్రం గొంతు కన్నా గిటార్ ఎక్కువ వినపడుతోంది, పైగా డబడబమంటోంది.


తకిట (కావలి)

ఫోన్ సౌండ్ హోల్‌కి ఎదురుగా పెట్టి ఉంటావు. ఆ చిల్లు దగ్గర బేస్ గుమ్మరిస్తుంది. మెడ ఒంటికి కలిసే చోటికి, 12వ ఫ్రెట్ వైపు తిప్పి, రెండు అడుగుల దూరంలో, నోటి ఎత్తు కంటే జానెడు కిందగా పెట్టు. టేబుల్ మీద ఆనిస్తే చెక్క అదురు కూడా ఎక్కుతుంది, అడుగున మడిచిన తువ్వాలు వెయ్యి. ఇంకా గిటారే ఎక్కువైతే ఫోన్‌ని పైకి లేపు, గిటార్‌ని నెమ్మదిగా కొట్టబోకు. నెమ్మదిగా కొడితే ఐదో మాత్ర ↑ ముందు మాయమైపోతుంది.